పదకొండు మంది కూర్చున్న గది

మా బడిలో అయిదో తరగతి నల్లబల్ల పైన ఒక సరస్వతీదేవి పటం ఉంది. ఏనాటిదో క్యాలెండరు కాగితం కత్తిరించి చట్రం కట్టించిన పటం. తెల్లచీర, చేతిలో వీణ, పక్కన నెమలి. శుక్రవారం వస్తే పిల్లలు వంతులవారీగా దానికి పూలు తెస్తారు. మన తెలుగు బడుల్లోనే కాదు, బెంగళూరులో పక్క వీధి కన్నడ బడికి వెళ్ళినా, ఆ పై వీధి తమిళ బడికి వెళ్ళినా అదే సరస్వతి కనిపిస్తుంది. ఆ రూపాన్ని అందరి గోడల మీదికీ తెచ్చినాయన తెలుగువాడు కాదు, కన్నడిగుడూ కాదు. మలయాళ దేశంలో పుట్టి, మద్రాసు, బరోడా, మైసూరు, బొంబాయి తిరిగి, చివరికి పుట్టిన ఊళ్ళోనే కన్నుమూసిన రాజా రవివర్మ.

అయితే ఆయన గురించి ఈ పేజీలో రాయాలని మాకు అనిపించింది ఆ సరస్వతిని చూసి కాదు. కొన్నేళ్ళ కిందట పిల్లల్ని మైసూరు తీసుకువెళ్ళాం. రాజభవనం, జంతుప్రదర్శనశాల అయ్యాక, కాళ్ళు పీకుతున్నాయని పిల్లలు గొణుగుతుంటే జగన్మోహన భవనంలోని చిత్రశాలకు నడిపించాం. అక్కడ ఒక పెద్ద తైలవర్ణ చిత్రం ముందు ఏడో తరగతి పిల్ల ఒకతె ఆగిపోయింది. పదకొండు మంది ఆడవాళ్ళు ఒకేచోట గుమిగూడి ఉన్నారు. కొందరి చేతుల్లో వాద్యాలు. ఒక్కొక్కరిది ఒక్కో కట్టు, ఒక్కో బొట్టు, ఒక్కో కొప్పు. ఆ పిల్ల వేలితో లెక్కపెట్టుకుని, వీళ్ళలో మన తెలుగామె ఎవరని మమ్మల్ని అడిగింది. మేం ముగ్గురు టీచర్లం ఉన్నాం. ముగ్గురమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తిరిగి వచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. దాని వెంటబడి చదివినదే ఈ కథ.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువనంతపురానికి ఉత్తరాన ఉన్న కిళిమానూరులో పుట్టాడు. తిరువాన్కూరు రాజవంశంతో పెళ్ళి సంబంధాలున్న కుటుంబం. తల్లి ఉమయాంబ తంపురాట్టి పాటలు కట్టగలిగిన విదుషి. ఆమె రాసిన పార్వతీ స్వయంవరాన్ని ఆమె పోయిన తరువాత కొడుకే అచ్చువేయించాడు. తండ్రి నీలకంఠన్ భట్టతిరి సంస్కృత పండితుడు. మేనమామ రాజరాజవర్మ తంజావూరు పద్ధతిలో బొమ్మలు వేసేవాడు. పసివాడు బొగ్గుముక్కతో ఇంటి గోడలన్నీ ఏనుగులూ గుర్రాలూ చేసి పెడుతుంటే పనివాళ్ళు మొత్తుకున్నారనీ, మేనమామ మాత్రం తిట్టకుండా నిలబడి ఆ గీతలు చూశాడనీ ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. బడి గోడలకు సున్నం వేయించిన వారానికే బొగ్గుగీతలు కనబడితే మేం ఏం చేస్తామో మా పిల్లలకు బాగా తెలుసు. కాబట్టి దీని గురించి ఎక్కువ మాట్లాడం.

1862లో, పద్నాలుగో ఏట, మేనమామ ఆ కుర్రవాణ్ణి తిరువనంతపురం తీసుకువెళ్ళి ఆయిల్యం తిరునాళ్ మహారాజుకు చూపించాడు. రాజు ముచ్చటపడ్డాడు. ఆస్థానంలో ఉండనిచ్చాడు. గురువును మాత్రం కుదర్చలేదు. అక్కడే మొదలయింది అసలు చిక్కు.

అప్పటికి మన దేశపు చిత్రకారుల చేతిలో ఉన్న రంగులు వేరు. తంజావూరు పటాల్లో బంకతో కలిపిన రంగు, బంగారు రేకు, రాళ్ళ పొదుగు. రంగు వేసిన కాసేపటికే ఆరిపోతుంది, గీత గీతగానే నిలిచిపోతుంది. ఐరోపా నుంచి వచ్చిన నూనె రంగుది మరో స్వభావం. పొడి రంగును అవిసె నూనెతో నూరి చేస్తారు. అది రోజుల తరబడి తడిగా ఉంటుంది. చెంప మీద వెలుగు ఎక్కడ ఆగిందో, నీడ ఎక్కడ మొదలయిందో కనబడకుండా ఒకదానిలోకి ఒకటి కలిపేయవచ్చు. తప్పు వేస్తే గీకేసి మళ్ళీ వేయవచ్చు. అయితే దానికో క్రమం ఉంది. అడుగు పొరలో నూనె పాలు తక్కువ ఉండాలి, పై పొరల్లో పోనుపోను పెరగాలి. తలకిందులు చేస్తే పైన ఆరి లోపల ఆరక, కొన్నాళ్ళకు బొమ్మ బీటలు వారుతుంది. ఇది ఒకరు చెబితే ఒక్క రోజులో తెలిసే సంగతి. చెప్పేవాళ్ళు లేకపోతే ఏళ్ళు పడుతుంది.

ఆ ఆస్థానంలో చెప్పగలిగినవాడు ఒకడున్నాడు. పేరు రామస్వామి నాయుడు. పేరును బట్టి మనవాడేనేమో అనిపించి మేం కాస్త సంబరపడబోయాం. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. నీటి రంగుల మెళకువలు రవివర్మకు ఆయన దగ్గరే పట్టుబడ్డాయంటారు. నూనె రంగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన పెదవి విప్పలేదట. తన అన్నం ముద్దకు ఈ కుర్రవాడు పోటీ అవుతాడని భయపడి ఉండవచ్చు. ఆయన దగ్గర పనిచేసే ఆరుముగం పిళ్ళై అనే సహాయకుడు రాత్రిళ్ళు గుట్టుగా వచ్చి, తనకు తెలిసిన నాలుగు ముక్కలూ చెప్పి పోయేవాడని అదే కథ చెబుతుంది. పెద్ద గురువుల పేర్లే పుస్తకాలకు ఎక్కుతాయి. ఈ ఆరుముగం పిళ్ళై పేరు ఎక్కడో ఒక వాక్యంలో మిగలడమే మాకు ఆశ్చర్యం.

1868లో థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు మహారాజు దంపతుల చిత్రాలు వేయడానికి తిరువనంతపురం వచ్చాడు. కుర్రవాడికి నేర్పమని రాజు అడిగినా ఆయన సరేననలేదు. కావాలంటే తాను పనిచేస్తుండగా నిలబడి చూసుకోమన్నాడు. ఇరవై ఏళ్ళ రవివర్మ నిలబడ్డాడు. కుంచె ఎలా పట్టాడు, ఏ రంగును ఏ రంగుతో కలిపాడు, ముందు నీడ వేశాడా వెలుగు వేశాడా అని కళ్ళతోనే పాఠం చదువుకున్నాడు. ఆ తరువాత తన గదికి పోయి ఒంటరిగా వేసి, చెడగొట్టి, మళ్ళీ వేశాడు.

ఈ ఘట్టాన్ని తరగతిలో చెప్పేటప్పుడు పట్టుదల ఉంటే చాలు, గురువు అక్కర్లేదన్నట్టు చెప్పడం మనకు అలవాటు. అలా చెప్పకూడదని మా అభిప్రాయం. చూసి నేర్చుకున్నాడు, నిజమే. కానీ ఆ గది గడప దగ్గర నిలబడే చనువు ఆయనకు పుట్టుకతో వచ్చింది. రాజుగారి చుట్టం కాని కుర్రవాణ్ణి ఆ తలుపు దాకా రానిచ్చేవారు కారు. ఊరి చివర మేస్త్రీ పని చేసుకునే ఇంట్లో అంతే చేయి తిరిగిన పిల్లవాడు ఉంటే వాడి సంగతేమిటి? మన బడులకు వచ్చేది ఎక్కువగా అలాంటి ఇళ్ళ పిల్లలే. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయమని అడిగే తల్లిదండ్రుల ఆదుర్దా మాకు అర్థమవుతుంది. వారానికి ఆ ఒక్క గంటే ఆ పిల్లలు నిలబడగలిగిన గడప అన్నది కూడా మా ఎదుట ఉన్న నిజం.

1870లో రవివర్మ కొల్లూరు మూకాంబికా దేవాలయానికి వెళ్ళి నలభై ఒక్క రోజులు సేవ చేశాడు. ఆ గుడి ఇప్పుడు మన కర్ణాటకలోనే ఉంది. తిరుగుదారిలో కాలికట్టులో కిళక్కే పాలాట్ కృష్ణమేనన్ కుటుంబాన్ని చిత్రించాడు. డబ్బు తీసుకుని వేసిన తొలి బొమ్మ అదే. ఒక్క మనిషిది కాదు, కుటుంబమంతటిది. ఒకే చట్రంలో నలుగురిని కూర్చోబెట్టే పనితోనే ఆయన వృత్తి మొదలయింది. అది తేలిక పని కాదు. ఒక్కరిని వేస్తే మొహం కుదిరితే చాలు. నలుగురున్నప్పుడు ఎవరి భుజం ఎవరికి అడ్డు వస్తుంది, ఎవరి చూపు ఎటు పోతుంది, చేతులు ఎక్కడ పెట్టాలి, వెలుగు ఒకే వైపు నుంచి అందరి మీదా ఎలా పడుతుంది అన్నవన్నీ లెక్క చూసుకోవాలి. లేకపోతే నలుగురినీ విడివిడిగా కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

ఆ తరువాతి పదేళ్ళు కీర్తి పరుగున వచ్చింది. 1873లో మద్రాసు చిత్రప్రదర్శనలో తలలో పూలు తురుముకుంటున్న నాయర్ యువతి చిత్రానికి బంగారు పతకం వచ్చింది. అదే చిత్రం వియన్నా ప్రదర్శనకూ వెళ్ళి బహుమతి తెచ్చింది. 1876లో దుష్యంతుడికి ప్రేమలేఖ రాస్తున్న శకుంతల చిత్రాన్ని మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు కొనుక్కున్నాడు. 1880లో ఆయిల్యం తిరునాళ్ పోయాడు. తరువాత వచ్చిన రాజుతో పొసగలేదు. పొసగకపోవడమే మంచిదయింది, ఆయన తిరువాన్కూరు దాటి బయటపడ్డాడు.

1881లో బరోడా పిలిచింది. ఆ పిలుపు వెనక ఉన్నది దివాను సర్ టి. మాధవరావు. ఆయన పూర్వులు మరాఠీ మాట్లాడేవాళ్ళు, పుట్టింది తమిళ కుంభకోణంలో, దివానుగిరి చేసింది మలయాళ తిరువాన్కూరులో, ఆ తరువాత ఇండోరులో, గుజరాతీ బరోడాలో. ఈ పేజీ చదివేవాళ్ళకు ఆయన మనలో ఒకడిలా అనిపిస్తాడు. రవివర్మ చిత్రాలు రాజుల గోడలకే పరిమితమైతే ఎవరికీ చాలవు, విదేశానికి పంపి రంగుల అచ్చు వేయిస్తే ఊరూరికీ చేరతాయని సలహా ఇచ్చింది కూడా మాధవరావే. మా తరగతి గదిలో సరస్వతి పటానికి మూలం అక్కడుంది.

ఇక మైసూరు. 1885లో పదో చామరాజేంద్ర ఒడెయరు రవివర్మను రప్పించుకుని రాజకుటుంబ చిత్రాలు వేయించుకున్నాడు. అది మొదటి రాక. తరువాత 1888లో బరోడా మహారాజు మూడో సయాజీరావు కొత్తగా కట్టించే లక్ష్మీవిలాస భవనానికి పద్నాలుగు పురాణ చిత్రాలు కావాలన్నాడు. ఒప్పుకున్నాక రవివర్మకు ఒక సందేహం పట్టుకుంది. ద్రౌపదికి ఏ చీర కట్టించాలి? దమయంతి ఏ దేశపు కట్టులో ఉంటే దేశమంతా తమదనుకుంటుంది? తమ్ముడు సి. రాజరాజవర్మను వెంటబెట్టుకుని ఉత్తరదేశమంతా తిరిగాడు. గుళ్ళు చూశాడు, నాటకాలు చూశాడు, సంతలూ రేవులూ చూశాడు. దేశమంతటికీ ఒప్పే పాత కట్టు ఏదీ దొరకలేదు. చివరికి తన దేవతలకూ నాయికలకూ చీరనే ఖాయం చేసుకున్నాడు. ఇవాళ దేవతల పటమంటే మన కంటికి కనబడే చీర, నగ, నిలుచునే తీరు చాలావరకు ఆ ప్రయాణం నుంచి వచ్చినవే.

మాకు ఇక్కడే ఒక తమాషా కనిపించింది. దేవతలందరికీ ఒకే కట్టు వెతుకుతున్న ఆ రోజుల్లోనే, 1889లో, మైసూరు మహారాజు కోసం ఆయన వేసిన చిత్రంలో ఏ ఇద్దరిదీ ఒకే కట్టు కాదు. అదే మా పిల్ల ఆగిపోయిన బొమ్మ. గాయనీమణుల బృందం అని తెలుగులో అనుకోవచ్చు.

ముందు వరసలో కేరళ తెల్లబట్ట కట్టిన నాయర్ స్త్రీ వీణ పట్టుకుని ఉంది. ముస్లిం వేషంలో ఒకామె, మరాఠీ కట్టులో ఒకామె, పార్సీ చీరలో ఒకామె, వెనక వరసలో టోపీ పెట్టుకున్న దొరసాని ఒకామె. కూర్చున్నవాళ్ళు కొందరు, నిలుచున్నవాళ్ళు కొందరు. కచేరీ జరుగుతున్నట్టు లేదు, అయిపోయినట్టూ లేదు. అందరూ ఒకరినొకరు చూసుకుంటున్నారా అంటే అదీ లేదు. తలా ఒక వైపు చూస్తున్నారు. ఒకే చాప మీద కూర్చున్నా ఎవరి ఆలోచనలో వాళ్ళున్నారు. ఫొటో దిగడానికి వచ్చిన చుట్టాల్లా బిగుసుకుని ఉన్నారని కొందరు విమర్శకులు విసుక్కున్నారు. మాకు అది తప్పుగా తోచలేదు. సంవత్సరం మొదట్లో కొత్త పిల్లలు చేరిన తరగతి అచ్చం అలాగే ఉంటుంది.

మరి వాళ్ళను విడిపోకుండా పట్టి ఉంచుతున్నదేమిటి? రంగు. చీరల్లో ఎరుపూ పచ్చా లేకపోలేదు. కానీ ఏదీ కేక వేయదు. జేగురు, పసుపుమట్టి, కాల్చిన మట్టి లాంటి గోధుమ ఛాయలు, అన్నీ నేల లోంచి వచ్చిన రంగులు, ఒక వెచ్చని మసకలాగా అందరి మీదా పరుచుకుని ఉన్నాయి. తెలుపు కూడా సున్నపు తెలుపు కాదు, మీగడ తెలుపు. వెనకనున్న నీడ, ముందున్నవాళ్ళ ఒంటి చాయ, వీణ కర్ర, అన్నీ ఒకే ఇంటి రంగులు. నూనె రంగులో పని తెలిసినవాళ్ళు ఇలాంటి బొమ్మకు తెల్ల కేన్వాసు మీద నేరుగా మొదలుపెట్టరు. ముందు పలుచటి గోధుమ పూత పూసి ఆరనిచ్చి, నీడలు అందులోంచే పుట్టించి, వెలుగు చిట్టచివర పెడతారు. పదకొండు మందికీ ఆ అడుగు పూత ఒక్కటే. పైన ఎవరి రంగు వాళ్ళది.

అలాగని ఆ గదిలోకి అందరూ వచ్చారని మేం అనం. నాట్లు వేసే చేతులు అక్కడ లేవు. సంగీతం నేర్చిన ఆడవాళ్ళందరికీ ఆ రోజుల్లో ఒకే మర్యాద కూడా దక్కేది కాదు. నలుగురి ఎదుట పాడి బతికేవాళ్ళు ఎక్కువగా దేవదాసీల ఇళ్ళ నుంచి, ఉత్తరాదిన తవాయిఫుల ఇళ్ళ నుంచి వచ్చేవారు. వాళ్ళ పాట కావాలి, వాళ్ళు పక్కన కూర్చోవడం వద్దు. అటువంటి కాలంలో గాయనులనే పేరుతో ఇందరిని ఒక చాప మీద చేర్చి రాజుగారి గోడకు తగిలించడం చిన్న సంగతి కాదు. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు, 1909లో, మైసూరు ప్రభుత్వం తన గుళ్ళలో దేవదాసీ సేవనే ఆపేసింది. ఆ ఆడవాళ్ళ బతుకుతెరువు ఏమయిందన్నది వేరే కథ.

ఆ బొమ్మ వేసిన ఏడాది మైసూరు రాజ్యంలో పదకొండేళ్ళ పిల్ల ఒకతె ఉంది. 1878లో నంజనగూడులో పుట్టిన దేవదాసీల ఇంటి బిడ్డ. సంస్కృతం, కన్నడం, తెలుగు, సంగీతం నేర్చింది. తరువాత బెంగళూరు నాగరత్నమ్మగా పేరు పొంది, ముద్దుపళని రాసిన తెలుగు కావ్యం రాధికాసాంత్వనాన్ని 1910లో పూర్తిగా అచ్చువేయించి ప్రభుత్వంతో నిషేధం పెట్టించుకుంది. తన సొమ్మంతా పోసి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది. రవివర్మ ఆమెను చూసి ఉండడు. ఆ పదకొండు మందిలో ఆమె లేదు. కానీ మన తెలుగామె ఎవరన్న ప్రశ్నకు మాకు మొదట దొరికిన జవాబు ఆవిడే.

రెండో జవాబు అంతకన్నా దగ్గరలోనే ఉంది, మాకు కనబడటం ఆలస్యమయింది. మైసూరులోనైనా తిరువనంతపురంలోనైనా ఆ రోజుల్లో వీణ పట్టిన ఆడపిల్లకు గురువు నేర్పే కీర్తనల్లో సగానికి పైగా తెలుగు. ఆ నాయర్ స్త్రీ వేళ్ళ కింద ఉన్నది తెలుగు కీర్తనే అయి ఉండవచ్చు. మనిషి కనబడకపోయినా మాట ఆ గదిలో ఉంది. ఇది చెప్పినప్పుడు మా పిల్ల ఒప్పుకోలేదు. బొమ్మలో పాట వినబడదు కదా అంది. అదీ నిజమే.

1893లో రవివర్మ పది చిత్రాలు అమెరికాలో చికాగో ప్రదర్శనకు వెళ్ళి పతకాలు తెచ్చాయి. 1894లో ఆయన జర్మనీ యంత్రాలతో బొంబాయిలో రంగుల అచ్చు ముద్రణాలయం పెట్టాడు. మాధవరావు విదేశానికి పంపమన్నాడు, ఈయన విదేశాన్నే ఇక్కడికి తెచ్చుకున్నాడు. తొలి అచ్చు శకుంతల జననం. ఆ తరువాత లక్ష్మి, సరస్వతి. గుళ్ళోకి రానివ్వని కులాలవాళ్ళ గుడిసెల్లోకి కూడా ఆ కాగితం మీద దేవత వెళ్ళింది. వ్యాపారంగా మాత్రం అన్నదమ్ములకు అది అచ్చిరాలేదు. బొంబాయిలో ప్లేగు వచ్చింది, అప్పులు పెరిగాయి, యంత్రాలను లోనావాలా దగ్గర మళవలికి మార్చారు. చివరికి తమ దగ్గరే పనిచేసిన జర్మనీ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైచర్‌కు అమ్మేసుకున్నారు. 1902లో నిజాం కొలువులో పని దొరుకుతుందేమోనని హైదరాబాదు వచ్చి, ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ ఆతిథ్యంలో ఎదురుచూసి, ఆశించిన పని దొరకక వెళ్ళిపోయారు. తెలుగు నేలతో ఆయనకున్న ముచ్చట అంతే.

ఇంటి సంగతి రెండు మాటల్లో చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే ఆయన ఇంట్లో ఉన్నదే తక్కువ. 1866లో మావేలిక్కరకు చెందిన భాగీరథీబాయిని పెళ్ళాడాడు, ఆమెకు అప్పటికి పన్నెండేళ్ళు. పిల్లల్ని ఆమే పెంచింది. ఆయన ఊళ్ళు తిరుగుతుండగానే ఆమె చనిపోయింది. ఎన్నో కుటుంబాలను ఒక చట్రంలో కూర్చోబెట్టిన మనిషి సొంత కుటుంబంతో కూర్చున్న సాయంత్రాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చేమో. పెద్ద కూతురి బిడ్డ సేతులక్ష్మీబాయిని 1900లో తిరువాన్కూరు రాజవంశం దత్తత తీసుకుంది. 1924 నుంచి 1931 దాకా ఆమె ఆ రాజ్యాన్ని పాలించింది, అక్కడి గుళ్ళలో దేవదాసీ ఆచారాన్ని ఆపించింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఊరు విడిచి బెంగళూరుకు వచ్చి స్థిరపడి, 1985లో ఇక్కడే కన్నుమూసింది. రవివర్మ మనుమరాలు మన ఊళ్ళో, పరాయి భాష నడుమ, పాతికేళ్ళకు పైగా బతికిందని మా బడిలో ఎవరికీ తెలియదు.

1904లో మళ్ళీ మైసూరు పిలిచింది. 1897లో పాత చెక్క రాజభవనం కాలిపోయింది, కొత్తది లేస్తోంది. నాలుగో కృష్ణరాజ ఒడెయరు పురాణ చిత్రాలు కావాలన్నాడు. అప్పటికి రవివర్మకు మధుమేహం. ఆ పని చేతిలో ఉండగానే, 1905 జనవరిలో, తమ్ముడు రాజరాజవర్మ పోయాడు. నలభై అయిదేళ్ళు కూడా నిండలేదు. అన్న మనుషుల్ని వేస్తే వెనక కొండలూ నీళ్ళూ తమ్ముడు వేసేవాడు. పనీ ప్రయాణాలూ డైరీలో ఇంగ్లీషులో రాసిపెట్టేవాడు. రవివర్మ గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ డైరీ చలవే. అన్న ఎలాగో మైసూరు పని ముగించాడు. 1906 అక్టోబరు 2న కిళిమానూరులో చనిపోయాడు. యాభై ఎనిమిదేళ్ళు.

పోయాక పేరు మసకబారింది. కలకత్తా చిత్రకారులు ఆయనది ఐరోపా వాళ్ళ అనుకరణ అన్నారు. మైసూరులో పుట్టి బెంగళూరులో స్థిరపడిన కె. వెంకటప్ప అదే రాజుగారి సాయంతో కలకత్తా వెళ్ళి అవనీంద్రనాథ ఠాగూరు శిష్యుడై, నూనె రంగులు వదిలి నీటి రంగుల వైపు నడిచాడు. కస్తూర్బా రోడ్డులోని చిత్రశాల ఆయన పేరు మీదిదే. ఆ విమర్శలో పస లేదని అనలేం. రవివర్మ దేవతల మొహాల్లో కొన్ని నాటకాల వేషధారుల్లా ఉంటాయి. కానీ గాయనీమణుల ముందు నిలబడితే ఆ మాట మాకు నోట రాదు.

కిళిమానూరులో ఆయన పనిచేసిన చిత్రశాలలో, ఆయన పోయేనాటికి పూర్తికాని చిత్రం ఒకటి మిగిలింది. ఒక పార్సీ స్త్రీ బొమ్మ. మొహం దాదాపు అయింది, మిగతాది ఆగిపోయింది.

మైసూరు నుంచి వచ్చిన తరువాతి శనివారం పిల్లలకు తెల్లకాగితం ఇవ్వకుండా పుస్తకాలకు అట్టలు వేసే గోధుమ కాగితం ఇచ్చాం. నలుపు వాడవద్దన్నాం. సాయంత్రం దీపం పెట్టే వేళ మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో వేయమన్నాం. నూనె రంగులు కొనే స్తోమత మా బడికి లేదు. పది రూపాయల క్రేయాన్లతోనే వేశారు. ప్రశ్న అడిగిన పిల్ల వాళ్ళ ఒంటిగది ఇల్లు వేసింది. పొయ్యి దగ్గర అమ్మ, గోడకు ఆనుకుని నాయనమ్మ, అద్దెకున్న పక్కింటి తమిళ అత్త, ఆమె ఇద్దరు పిల్లలు, ఇంటి ఓనరు కన్నడ అవ్వ, ఇంకా ఎవరెవరో. లెక్కపెడితే పదిమంది తేలారు. చాప మధ్యలో ఒకరు పట్టేంత చోటు రంగు వేయకుండా వదిలేసింది. పనికని హోసూరు వెళ్ళిన నాన్న వచ్చాక వేస్తానంది. అక్కడ గోధుమ కాగితం అలాగే కనబడుతోంది.